రెండో కడుగు నీళ్ళు

అది కాదు తల్లీ, జీపు నడిపేవాడి అజాగ్రత్త వల్ల వేడెక్కింది అని రాయకు. ఊళ్ళో అందరూ అలాగే చెప్పుకున్నారు, అదే నిలిచిపోయింది. ఆ ముక్క కొట్టెయ్. నేను నెమ్మదిగా చెబుతాను, నువ్వూ నెమ్మదిగానే రాయి. నీకు బడి చదువుంది లుస్ దారీ, మీ తాతకి లేదు. కానీ ఏది ముందు జరిగిందో ఏది తరవాత జరిగిందో నాకు తెలుసు.

బుధవారంతో మొదలుపెట్టు. మీ అమ్మ ఇంకా మీ అమ్మమ్మ కడుపులో ఉంది. ఎనిమిదో నెల.

అర్సేసియో జీపు గాడిద వంపు దగ్గర ఆగిపోవడం ఆ బుధవారానికి రెండోసారి. ఆకుపచ్చ జీపు అది, ముందు బంపరు మీద తెల్లరంగుతో ‘మిర్లా’ అని పిట్ట పేరు రాయించుకున్నాడు. సంతా రుఫీనా ఊళ్ళో చర్చి ముందున్న చౌకు నుంచి కొండమీద ఆల్తో బొనీతో దాకా జనాన్ని ఎక్కించుకుపోయేవాడు. లోపల ఎనిమిది మంది, వెనక బంపరు మీద నిలబడి ఐదుగురు, పైన అరటి గెలలు, గెలల మధ్య కాళ్ళు కట్టేసిన కోళ్ళు. సగం దారిలో మా లా పల్మేరా కాఫీ తోట. అక్కడ జీపు ఒక్క నిమిషం ఆగుతుంది. హారన్ రెండుసార్లు మోగగానే కాఫీ కడిగే తొట్టి దగ్గర పనిచేసేవాడు క్యానుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తి రేడియేటర్లో పోయాలి. బదులుగా జీపు మా తోట ఉత్తరాలూ పాలూ కిందికి దించుతుంది. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు. తొట్టి దగ్గర పనివాణ్ణి నేనే.

ఆ ఏడు పంట విరగకాసింది, వాన మాత్రం రాలేదు. సెప్టెంబరు వెళ్ళిపోతున్నా ఊట గొట్టంలో నీళ్ళు చిటికెనవేలంత లావే వచ్చేవి. మా తోట పెత్తందారు దోన్ ఒతోనియెల్ ఆ గొట్టం మీద కన్నేసి ఉంచాడు. సరిగ్గా కడగని కాఫీ పులిసిన వాసన వేస్తోందని ఒక లోడు వెనక్కి పంపేశారు, అప్పట్నుంచి మంచినీళ్ళు ఆఖరి కడుగుకి తప్ప దేనికీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. మూడు వారాల కిందటే నాతో చెప్పాడు.

“జీపుకి రెండో కడుగు నీళ్ళు పొయ్యి. ఇంజనుకి నాలుకేమైనా ఉందా, రుచి చూడ్డానికి.”

నీకు తెలియదు కదా, చెబుతాను. పండు తొక్క తీశాక గింజ చుట్టూ జిగురు ఉంటుంది. ఒక పూట నాననిచ్చి మూడుసార్లు కడగాలి. మొదటి కడుగు నీళ్ళు గంజిలా ఉంటాయి. రెండోవి పల్చన. తొట్టిలో కాసేపు నిలబెడితే తేరుకుని పైకి మామూలు నీళ్ళలాగే కనబడతాయి. వేలు పెడితే తెలుస్తుంది, వేళ్ళు ఒకదానికొకటి అంటుకుంటాయి. నేను క్యాను ముంచింది అందులోనే. మూడు వారాలు, రోజుకి రెండుసార్లు.

బుధవారం కూడా అలాగే పోశాను. అర్సేసియో స్టీరింగు మీద మోచేతులు ఆనించి నవ్వుతున్నాడు.

“ఏరా గిల్దార్దో, నా చెల్లెమ్మ ఎలా ఉంది? కడుపు ముందుకొచ్చిందా, ఇంకా నీ పొట్టే పెద్దదా?”

“దానిదే గెలిచింది అన్నా.”

చుట్టరికం లేకపోయినా మీ అమ్మమ్మని అతను చెల్లెమ్మ అనే పిలిచేవాడు. మూత బిగించాను. జీపు వెళ్ళిపోయింది. అరగంటకి గాడిద వంపు వైపు నుంచి తిట్లు వినబడ్డాయి. మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచి వస్తున్నారు. పైకి వెళ్ళాల్సినవాళ్ళు పైకి నడవక కిందికెందుకు వచ్చారంటే, నీడ మా తోటలోనే ఉంది మరి.

దోన్ ఒతోనియెల్ నన్ను పిలిచాడు. ఆ పొద్దున్నే మా తొక్క తీసే మిషను బెల్టు తెగింది. “ఈ బెల్టు పట్టుకుని అర్సేసియోతోపాటు కిందికి దిగు. ఊళ్ళో గుర్రపు జీనులు కుట్టే వాడి చేత కుట్టించు. బెల్టు లేకుండా నాకు మొహం చూపించకు.” తెగిన బెల్టు భుజాన వేసుకుని నేను వంపు దాకా ఎక్కాను.

మిర్లా ముక్కు ఎత్తుకుని నిలబడి ఉంది. బానెట్ తెరిచి ఉంది. అర్సేసియో తడి గోనెపట్టా చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత కొంచెం కొంచెం తిప్పుతున్నాడు. ఆవిరి బుస్సుమంది. జీపు పక్కనే గట్టు మీద దెయానీరా అత్త కూర్చుని ఉంది, ఒళ్ళో రెండు కోళ్ళు. ఆల్తోలో చిల్లర కొట్టు ఆమెది.

“ఏం అబ్బాయ్, నీ జీపు బెల్లం వండుతోందా ఏమిటి? వాసన చూడు. రేపట్నుంచి గానుగ పెట్టుకో, జనాన్ని ఎక్కించుకోవడం మానెయ్.”

మిగిలిన ఇద్దరు ముగ్గురు నవ్వారు. చుట్టూ చెరుకు గానుగలున్న కొండలు కదా, బెల్లం వాసన ఎవరికి కొత్త? అర్సేసియో కూడా నవ్వాడు, కానీ మధ్యలోనే ఆపేశాడు. దారిలో మూడుసార్లు జనాన్ని దింపేసిన బండిని వరసలోంచి తీసేస్తారు. అది జీపులవాళ్ళు వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్న కట్టుబాటు. వరస పోతే ఇక జనాన్ని ఎక్కించకూడదు, నది పక్క మట్టిరోడ్డు మీద అరటి గెలలు మొయ్యాలి. గెలలకేం, అవి మాట్లాడవు. అర్సేసియోకి మాటలు కావాలి. వాళ్ళ నాన్న కూడా ఆల్తో దారిలోనే నడిపాడు, ఏ ఇంటి ముందు ఎవరు ఏ పూట నిలబడతారో అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు.

“ఇది రెండు,” అన్నాడు నాతో, మెల్లిగా.

జీపుని వెనక్కి తిప్పి, ఇంజను ఆపేసి, గేరులో కొండ దిగాం.

గురువారమంతా లిబార్దో మేస్త్రీ షెడ్డులో ఉన్నాం. జీనులు కుట్టేవాడు శుక్రవారం పొద్దుటికి గాని బెల్టు ఇవ్వనన్నాడు, నాకు వేరే పని లేదు.

మేస్త్రీ పొట్టివాడు, రేడియేటర్ కింద దూరడానికే పుట్టినట్టు ఉండేవాడు. ముందు ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కి చూశాడు. కొంచెం వదులుగా ఉంది, బిగించాడు. “ఇదే,” అన్నాడు. ఇంజను స్టార్ట్ చేసి ఒక చెక్కముక్క యాక్సిలేటర్ మీద ఆనించి నిలబెట్టాడు. గేజి ముల్లు మెల్లిగా లేచింది, లేచి ఎర్ర గీత దగ్గర ఆగింది.

“ఇది కాదు,” అన్నాడు అర్సేసియో.

“తొందరపడకు. ఇంజను ఆడమనిషి లాంటిది, ఎందుకు కోపమొచ్చిందో ముందే చెప్పదు.”

“నీకు పెళ్ళే కాలేదు మేస్త్రీ, నీకెలా తెలుసు?”

“అందుకే తెలుసు.”

తరవాత పై పైపు ఊడదీసి, లోపలున్న వాల్వు బయటికి తీశాడు. ఇంజను వేడెక్కితే తెరుచుకుని నీళ్ళు వదిలే వాల్వు. చిన్న గిన్నెలో నీళ్ళు మరిగించి అందులో వేశాడు. మేం ముగ్గురం గిన్నె మీదకి వంగి చూశాం, గుడ్డు ఉడుకుతుంటే చూసినట్టు. తెరుచుకుంది. చల్లారాక మూసుకుంది. వాల్వు బాగానే ఉంది. బాగానే ఉన్నా మళ్ళీ పెట్టలేదు. “అది లేకుండా నడుపు. అడ్డు ఒకటి తగ్గుతుంది,” అన్నాడు. ఆ కొండల్లో సగం జీపులు ఆ వాల్వు లేకుండానే తిరిగేవి. అడ్డు తీసేస్తే చల్లబడుతుందని అందరి నమ్మకం.

మధ్యాహ్నం మొక్కజొన్న రొట్టె తిన్నాక ఇంజను హెడ్డు సంగతి చూశాడు. మూత తీసి ఉంచి, ఇంజను తిప్పించి, పైన నీళ్ళలో బుడగలు వస్తున్నాయా అని చూశాడు. గ్యాస్కెట్టు కాలితే బుడగలు వస్తాయి. రాలేదు. నీళ్ళ పంపు ఇరుసు పట్టుకుని ఊపాడు. ఊగలేదు. ముందు జాలీలో ఇరుక్కున్న ఆకులు, మిడతలు సైకిలు చువ్వతో లాగాడు.

రేడియేటర్ జోలికి మాత్రం పోలేదు. రెండేళ్ళ కిందట దాని లోపలి గొట్టాలన్నీ తనే మార్చి తనే టంకం పెట్టాడు. తను చేసిన పని మీద తనకి అనుమానం రాదు కదా ఏ మనిషికైనా. కింద కుళాయి మాత్రం తిప్పి పాత నీళ్ళు తొట్లోకి వదిలాడు. గోధుమరంగుగా వచ్చాయి.

“తుప్పు,” అన్నాడు మేస్త్రీ. “పాత ఇంజను, తుప్పు రాకపోతే ఇంకేం వస్తుంది.”

ఇక్కడ నేను చెప్పేది సరిగ్గా రాయి. ఆ తొట్లోంచి నాకు వాసన వచ్చింది. పుల్లగా, తియ్యగా. నాకు తెలిసిన వాసన. పంట రోజుల్లో మా ఒంటికీ చొక్కాలకీ ఎప్పుడూ అదే వాసన. నా చొక్కా వాసనే అనుకున్నాను. చొక్కా ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసుకున్నాను కూడా. దానికీ ఉంది ఆ వాసన. అంతటితో ఊరుకున్నాను. ఊరుకోవడం సులువుగా ఉండింది.

అర్సేసియో గోడవారగా కూర్చుని టోపీ మోకాలికి తొడిగి తిప్పుతున్నాడు.

“శుక్రవారం ఆల్తోకి పెళ్ళి సామాను ఎక్కించాలి,” అన్నాడు. “రేపు ఎక్కలేదంటే శనివారం ఎవెలియో విజిల్ వెయ్యడు నాకు.”

ఎవెలియో అంటే చౌకులో ఏ జీపు ఎప్పుడు కదలాలో విజిలేసి చెప్పేవాడు.

“ఎక్కుతుంది,” అన్నాడు మేస్త్రీ, చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ.

శుక్రవారం కొత్తగా కుట్టిన బెల్టు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. మిర్లా చౌకు దాటింది, స్మశానం దాటింది, మొదటి రెండు వంపులూ ఎక్కింది. ముల్లు మధ్యలోనే ఉంది. అర్సేసియో ఈల వెయ్యడం మొదలుపెట్టాడు. వెనక దెయానీరా అత్త ఈసారి కోళ్ళు లేకుండా ఎక్కింది.

“కోళ్ళకి మళ్ళీ ఎక్కే ధైర్యం లేదట అబ్బాయ్, నన్ను పంపాయి,” అంది.

“వెళ్ళి చెప్పు, మిర్లా మంచి పిట్టయిపోయిందని.”

మూడో వంపులో ముల్లు కొంచెం లేచింది. అతను ఈల ఆపలేదు, కానీ రాగం మరిచిపోయి ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వేస్తున్నాడు. లా పల్మేరా దగ్గర ఆపాడు. హారన్ కొట్టలేదు, నీళ్ళు పోసేవాడు పక్కనే ఉన్నాడు కదా.

“చూడు తమ్ముడూ, ఒక క్యాను. నిండుగా వద్దులే, తగ్గినంతే.”

దిగి తొట్టి దగ్గరికి నడిచాను. ఎడమవైపు ఊట గొట్టం, చిటికెనవేలంత ధార, కింద పెట్టిన బకెట్టులో సగానికి మంచినీళ్ళు. కుడివైపు తొట్టి. పైన వరండాలో దోన్ ఒతోనియెల్ నల్లకాఫీ తాగుతున్నాడు. కప్పు అంచు మీంచి నన్నే చూస్తున్నాడు.

నిన్నటి వాసన గుర్తొచ్చింది. చొక్కా వాసన కాదేమో అని మొదటిసారి అనుకున్నాను. అనుకుని, బకెట్టు వైపు ఒక అడుగు వేశాను. అవును, వేశాను, అదీ రాయి.

“గిల్దార్దో,” అన్నాడు పైనుంచి. గట్టిగా కూడా కాదు.

మేముండే గది ఆ తోటది. తొట్టి వెనక, రేకు కప్పు, ఒక కిటికీ. పని పోతే గది పోతుంది. గదిలో మీ అమ్మమ్మ నొహెలియా ఉబ్బిన కాళ్ళు పీట మీద పెట్టుకుని పాత బట్టలు కత్తిరించి పొత్తిగుడ్డలు కుడుతోంది. ఆ కిటికీ నాకు కనబడుతోంది. వరండా నాకు కనబడుతోంది. జీపు నాకు కనబడుతోంది, అందులో అర్సేసియో తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను ఎటు తిరిగినా ఎవరో ఒకరి ఎదుట నిలబడ్డాను.

క్యాను కుడివైపు ముంచాను.

నీళ్ళు తేటగానే ఉన్నాయి. మూత బిగించి, వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాను. వేళ్ళు అంటుకుంటున్నాయి.

మిర్లా గాడిద వంపు దాకా వెళ్ళలేదు. దానికి ఇంకా ఒక వంపు ముందే కక్కేసింది. బెల్టు దోన్ ఒతోనియెల్ చేతిలో పెట్టి, మిషనుకి బిగిస్తున్నాను, అప్పుడు తలుపు దగ్గర నీడ పడింది. అర్సేసియో. అతనెప్పుడూ పరుగెత్తి రావడమే చూశాను, నడిచి రావడం అదే చూడ్డం.

“పెత్తందారు గారూ, వీణ్ణి నాతో పంపండి. జీపు వెనక్కి దించాలి, ఒక్క బ్రేకుల్నే నమ్మలేను. చక్రం కింద రాయి వెయ్యడానికి మనిషి కావాలి.”

దోన్ ఒతోనియెల్ బెల్టు లాగి చూసుకుని, కుట్టు బాగుందనిపించాక తలాడించాడు. నొహెలియాని కూడా ఎక్కించుకున్నాం. మర్నాడు ఆమెని మంత్రసానికి చూపించాలి, వాళ్ళ పిన్ని ఇల్లు ఊళ్ళోనే. నేను ప్రతి వంపులో దిగి రాయి వేశాను, తీశాను, మళ్ళీ ఎక్కాను. నొహెలియా ఒక్కసారి అంది, “అన్నయ్యా, ఇది మీ తప్పు కాదుగా.” అతను రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “నాకూ అలాగే అనిపిస్తోంది చెల్లెమ్మా, కానీ అనిపించడం సరిపోదు,” అన్నాడు.

షెడ్డు చేరేసరికి ఇంజను ఇంకా సలసల కాగుతోంది. లిబార్దో మేస్త్రీ ముందుకొచ్చి, మొదటిసారి అరచెయ్యి రేడియేటర్ మీద పెట్టాడు. పైన పెట్టి చటుక్కున తీసేశాడు. కింద పెట్టాడు. అలాగే ఉంచాడు. పక్కకి జరిపాడు. పిల్లాడి ఒంట్లో జ్వరం చూసినట్టు చూశాడు.

“పైన కాలుతోంది. ఇక్కడ చల్లగా ఉంది. ఇక్కడా చల్లగానే ఉంది. నీళ్ళు దిగడం లేదు.” తరవాత తనలో తను అన్నట్టు, “నిన్ననే చెయ్యి పెట్టి చూడాల్సింది.”

రేడియేటర్ విప్పి బల్ల మీద పడుకోబెట్టాడు. మంట ఊదే దీపం వెలిగించి, పై టాంకు అతుకు చుట్టూ తిప్పాడు. టంకం కరిగి వెండి చుక్కల్లా రాలింది. పట్టకారుతో టాంకు పైకెత్తాడు.

షెడ్డంతా ఆ వాసన నిండిపోయింది. ఈసారి ఏ చొక్కా మీదకీ నెట్టడానికి లేదు. కాలిన బెల్లం, అడుగున పులిసిన కాఫీ తొక్క. గొట్టాల నోళ్ళన్నీ నల్లటి బంకతో మూసుకుపోయి ఉన్నాయి. సగానికి పైగా.

మేస్త్రీ చీలికలా ఉన్న సన్నటి ఉక్కు పట్టీ ఒక గొట్టంలోకి దించి లాగాడు. తారులాంటిది దానికి చుట్టుకుని వచ్చింది.

“తుప్పు ఇలా సాగదు,” అన్నాడు. “ఇదేమిటో నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళలో చూడలేదు.”

అర్సేసియో వేలితో ఆ బంక కొంచెం తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నొక్కి విడదీశాడు. వేళ్ళు అంటుకున్నాయి. నాలుక మీద పెట్టుకున్నాడు. కాఫీ తోటల్లో పెరిగినవాడే అతను, అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉమ్మేసి, మూతి తుడుచుకుని, తల తిప్పి నన్ను చూశాడు.

ఎంతసేపు చూశాడో చెప్పలేను. మేస్త్రీ ఇంకో గొట్టంలో పట్టీ దించి లాగేంత సేపు.

నేను నేల చూశాను. ఇప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. మేస్త్రీ బయటికెళితే చెప్పేస్తాను అనుకున్నాను. మేస్త్రీ బయటికెళ్ళాడు, చాకలి సోడా కలపడానికి వేన్నీళ్ళు తేవడానికి. నేను చెప్పలేదు.

“పట్టుకో,” అన్నాడు అర్సేసియో. రేడియేటర్ రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని సోడా నీళ్ళ తొట్లో ముంచాం. ఆ సాయంత్రమంతా గొట్టం తరవాత గొట్టం తవ్వాం. అతను పట్టీ దించుతాడు, నేను కింద నీళ్ళు ధారగా వచ్చేదాకా పోస్తాను. మంచినీళ్ళు. ఊరి కుళాయి నీళ్ళు. చివరి గొట్టం తెరుచుకునేసరికి అతని వేళ్ళ మధ్య తోలు ఊడిపోయింది. మేస్త్రీ టాంకు మళ్ళీ టంకం పెట్టాడు, వాల్వు కూడా ఎక్కడిదక్కడ బిగించాడు. ఇంజను తిప్పితే ముల్లు మధ్యకి వచ్చి, అక్కడే కూర్చుంది. యాక్సిలేటర్ మీద చెక్కముక్క పెట్టినా కదల్లేదు.

జీపు బాగైంది. శనివారం పొద్దున అది వరసలో అందరికంటే బాగున్న జీపు.

శనివారం సంత రోజు, చౌకు కిక్కిరిసి ఉంది. మొదటి విజిల్ కంటే ముందు జీపులవాళ్ళు పంచాయితీ పెట్టారు. మిర్లా మూడుసార్లు జనాన్ని దింపేసింది, మూడోది శుక్రవారం పెళ్ళి సామానుతో సహా. వాళ్ళ కట్టుబాటులో ఒక మెలిక ఉంది. బండి వయసైపోయి, భాగం విరిగి ఆగితే క్షమిస్తారు, బాగు చేసుకుని రమ్మంటారు. మనిషి అజాగ్రత్త వల్ల ఆగితే క్షమించరు. ఇంకో అలవాటు కూడా ఉంది. పంచాయితీలో మాట్లాడేవాడు తన జీపు బానెట్ మీద అరచెయ్యి పెట్టి మాట్లాడాలి. అలా చెప్పిన మాటని తిరిగి ఎవరూ అడగరు. వాళ్ళకి బైబిల్ అదే.

ఎవెలియో విజిల్ మెడలో తాడుకి వేలాడుతోంది. “మేస్త్రీ, ఏం విరిగింది?”

లిబార్దో మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. “ఏమీ విరగలేదు. రేడియేటర్లోకి తియ్యటి నీళ్ళు పోయాయి. బంక వేన్నీళ్ళలో కరిగించి వాసన చూశాను, కాఫీ కడుగు నీళ్ళలాంటివి. మూడు వారాలైనా మరిగి మరిగి బంకయ్యాయి.”

జనంలో నవ్వులు లేచాయి. “కాఫీ తాగించావా అర్సేసియో? చక్కెర కూడా వేశావా?” అని ఎవడో అన్నాడు. దెయానీరా అత్త మాత్రం నవ్వలేదు. “నేను బుధవారమే చెప్పాను, బెల్లం వాసన అని,” అంది, ఎవరితోనూ కాకుండా.

“ఎవరు పోశారు?” అన్నాడు ఎవెలియో.

ఆ దారిలో నీళ్ళు దొరికేది ఒక్క లా పల్మేరాలోనే అని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కొన్ని మొహాలు అటు తిరిగాయి. పిండివంటల బండి పక్కన దోన్ ఒతోనియెల్ సంత బట్టల్లో నిలబడి ఉన్నాడు, భుజం మీద తెల్లటి మడత తువ్వాలు. అతను ఎవరినీ చూడలేదు. నన్ను మాత్రం చూశాడు. నా పక్కన నొహెలియా, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి నా భుజం మీద. ఆమెకి ఏమీ తెలియదు. సంతలో ఏదో గొడవ అనుకుంటోంది.

నా నోరు తెరుచుకుంది. అది నిజం. నోరు తెరుచుకున్న సంగతి అర్సేసియో చూశాడు.

అతను ముందుకొచ్చి మిర్లా బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తోలు ఊడిన చెయ్యి. రేకు ఎండకి కాలుతూ ఉండాలి. తియ్యలేదు.

“నేనే పోసుకున్నాను,” అన్నాడు. “తోట కింద, కడుగు నీళ్ళు పారే కాలవలో ముంచుకున్నాను. పైకి వెళ్ళి అడగడానికి బద్ధకమేసింది. చూసుకోలేదు.”

“మూడు వారాలా?”

“మూడు వారాలు.”

ఎవెలియో కొంచెంసేపు అతన్నే చూశాడు. నమ్మాడని నేననుకోను. కానీ చెయ్యి బానెట్ మీద ఉంది. పుస్తకం తెరిచి ఆల్తో దారి కింద ఒక పేరు కొట్టేశాడు. కొట్టేసి, “నది రోడ్డులో గెలలకి బండి కావాలి. సోమవారం నుంచి,” అన్నాడు.

“సరే.”

అంతే తల్లీ. దానికంటే ఎక్కువ మాటలు లేవు. రెండో జీపువాడు ఆల్తో జనాన్ని పిలుచుకున్నాడు. దెయానీరా అత్త ఎక్కే ముందు మిర్లా దగ్గర ఆగి, అర్సేసియో టోపీ సరిచేసి వెళ్ళింది. దోన్ ఒతోనియెల్ పిండివంట కొనుక్కుని నా దగ్గరికొచ్చి, “తొట్టికి పాచి పట్టింది, సోమవారం రుద్దాలి,” అన్నాడు. సరే అన్నాను. అర్సేసియో అన్న మాటే నేనూ అన్నాను.

నవంబరు మొదట్లో వాన వచ్చింది. నాలుగు రోజులు ఆగకుండా కురిసింది, ఊట గొట్టంలో ధార చెయ్యంత లావైంది. అయిదో రోజు మధ్యాహ్నం నొహెలియాకి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్ళోంచి నడిచి వచ్చిన మంత్రసాని బిడ్డ అడ్డం తిరిగిందని చెప్పి, ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. ఆల్తో జీపు వాన బురదలో పైనే చిక్కుకుంది. నేను రోడ్డు మీద నిలబడ్డాను, ఏం చెయ్యాలో తెలియక.

కింద నుంచి ఇంజను మోత వినబడింది. ఆ మోత నాకు తెలుసు. ఎవరు కబురు పెట్టారో ఇప్పటికీ తెలియదు. మిర్లా నది రోడ్డు బురదతో, వెనక అరటాకులతో ఎక్కివచ్చింది. ఆ దారిలో జనాన్ని ఎక్కించే హక్కు అతనికి లేదు.

నేనేం చేశానో తెలుసా? గదిలోకి కాదు, గొట్టం దగ్గరికి పరుగెత్తాను. మంచినీళ్ళు, నిండా క్యానుడు, పట్టుకుని జీపు ముందుకి వచ్చాను. వానలో తడుస్తూ నీళ్ళ క్యాను పట్టుకుని నిలబడ్డాను, పిచ్చివాడిలాగా.

అర్సేసియో దిగి, నా చేతిలో క్యాను చూశాడు.

“అక్కర్లేదురా,” అన్నాడు. “ముల్లు మధ్యలోనే ఉంది. కింద పెట్టు దాన్ని. చెల్లెమ్మని ఎత్తుకురా.”

మీ అమ్మ ఆ సాయంత్రం పుట్టింది. తరవాత నలభై ఏళ్ళు అతనూ నేనూ ఒకే ఊళ్ళో ఉన్నాం, ఒకే కొట్టులో బీరు తాగాం. నీళ్ళ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దోన్ ఒతోనియెల్ పోయాడు, తోట అమ్ముడుపోయింది, నొహెలియా కూడా పోయింది. మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు నేను. అర్సేసియోకి మళ్ళీ ఆల్తో దారి ఇవ్వలేదు. చివరిదాకా గెలలే మోశాడు.

ఇప్పుడు అతనికి కళ్ళు లేవు, నాకు కాళ్ళు లేవు. నది రోడ్డు చివర వాళ్ళ కూతురి ఇంట్లో ఉంటున్నాడు. మిర్లాని ఇనుముకి అమ్మేశాక బానెట్ ఒక్కటి ఉంచుకున్నాడట, కోళ్ళగూటి మీద కప్పుగా వేశాడట. ఆదివారం నువ్వు వెళ్ళు. ఇది అతనికి చదివి వినిపించు. కుడిచెవి వైపు కూర్చో, ఎడమది వినబడదు. క్యాను ముంచిన చోట గబగబా చదివి దాటెయ్యకు, అక్కడ ఇంకా నెమ్మదిగా చదువు. కుర్చీ కోళ్ళగూటి పక్కన వేసుకో తల్లీ. చదువుతున్నంతసేపూ నా బదులు నీ చెయ్యి ఆ బానెట్ మీద పెట్టి ఉంచు.